చీర ఒక్కసారే చిరగదు

పెట్టె అడుగున ముప్పై ఏళ్లుగా ఉన్న పట్టుచీరను తీసి మంచం మీద పరిస్తే ముందు కంటికి ఆనేది జరీ అంచు. అది ఇంకా మెరుస్తూనే ఉంటుంది. చీర విప్పుతూ పోతే మడత పడ్డ చోటల్లా తెల్లగా సన్నటి గీత ఉంటుంది. ఆ గీత వెంట వేలు ఆనిస్తే చాలు, గుడ్డ పర్రున విడిపోతుంది. మడతకూ మడతకూ మధ్య మాత్రం జానెడేసి మేర పట్టు గట్టిగానే ఉంటుంది. గోదావరి జిల్లాల్లో ఇది చూడని ఇల్లు తక్కువ. చూశాక చేసేది సాధారణంగా రెండిట్లో ఒకటి. "పోనీలే, అమ్మ గుర్తు" అని మళ్లీ అవే మడతల మీద మడిచి పెట్టెలో పెట్టేస్తారు. లేదంటే "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో కేకేసుకుంటూ వచ్చే మనిషికి ఇచ్చేస్తారు.

ఈమధ్య మూడో దారి ఒకటి బాగా వాడుకలోకి వచ్చింది. ఓణీల ఫంక్షన్ దగ్గర పడగానే అమ్మమ్మ పెళ్లిచీరతో పిల్లకి లంగా కుట్టిద్దామన్న ఆలోచన వస్తుంది. ఫోన్‌లో చూసిన మోడల్ ఒకటి పట్టుకుని టైలర్ దగ్గరికి వెళ్తారు. తీరా ఫంక్షన్ రోజు సాయంత్రానికి నడుము దగ్గర కుచ్చులు విడిపోతే "పాత చీర కదా, అంతే మరి" అని సరిపెట్టుకుంటారు. ఇందులో చీర తప్పేమీ లేదు. మోడల్ ముందు ఎంచుకుని బట్ట సంగతి తర్వాత చూడటంతోనే పని చెడింది. పాత బట్ట చేతికి తీసుకున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఇందులో ఏ భాగం బతికుంది, ఏ భాగం చచ్చిపోయింది అన్నది. బట్ట భాగాలు భాగాలుగా చస్తుంది. ఏం కుట్టాలన్నది ఆ మిగిలిన భాగాలే చెబుతాయి.

నూలుచీర ముందు మడమ దగ్గర పోతుంది, నేలను రాసుకునే కింది అంచు పైన ఓ బెత్తెడు మేర. తర్వాత కూర్చునే చోట పల్చబడుతుంది. చొక్కాకు కాలరు మడతలో, జాకెట్టుకు చంకలో మొదలవుతుంది. చంకలో చెమటకు బిగుతు కూడా తోడవుతుంది కాబట్టి అక్కడ గుడ్డ రెండు విధాలా దెబ్బ తింటుంది. పట్టు లెక్క వేరు. అది పురుగు కట్టిన గూటి దారం, మన వెంట్రుకలాగే ప్రొటీన్. చెమట, ఎండ, సోడా ఎక్కువున్న సబ్బు దానికి పడవు. కుంకుడుకాయ రసంతో పట్టుచీర తడిపే అలవాటు ఊరికే రాలేదు. అయితే వీటన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఒకే మడత మీద ఏళ్ల తరబడి పడి ఉండటం. వంగిన చోట దారం రోజురోజుకీ అలిసిపోతుంది, పైన ఉన్న చీరల బరువంతా ఆ వంపు మీదే పడుతుంది.

గోదావరి డెల్టాలో దీనికి తేమ తోడు. వానాకాలం మొదలైతే గోడలే చెమ్మగిల్లే ఊళ్లు ఇవి. గంజి పెట్టిన బట్టను అలాగే పెట్టెలో పెడితే ఆ గంజి పురుగుకూ బూజుకూ మేత అవుతుంది. ఇనప్పెట్టె అయితే తుప్పు మరక పడుతుంది, అది ఉతికినా పోదు. మూడు నాలుగు నెలలకోసారి చీరలు తీసి నీడన ఆరబెట్టి, పాత మడత మీద కాకుండా వేరే చోట మడిచి, ఉతికిన తెల్ల పంచెలో చుట్టి పెట్టాలి. కలరా ఉండలు వాడితే చిన్న గుడ్డలో మూటకట్టి పెట్టాలి తప్ప నేరుగా జరీ మీద పడేయకూడదు. ఇవన్నీ తెలిసిన సంగతులే. బీరువా నిండిపోయాక ఎవరికీ ఓపిక ఉండదు, అంతే.

బతికున్న భాగం తేల్చడానికి పరికరాలేమీ అక్కర్లేదు. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే దారాలు పల్చబడ్డ చోట్లు తెలిసిపోతాయి. తర్వాత రెండు బొటనవేళ్ల మధ్య రెండంగుళాల గుడ్డ పట్టుకుని పడుగు (నిలువు పోగుల) వైపు ఒకసారి, పేక (అడ్డ పోగుల) వైపు ఒకసారి మెల్లగా లాగి చూడాలి. ఒకవైపు గట్టిగా ఉండి రెండోవైపు విడిపోతే ఆ గుడ్డ బరువు మోయలేదు కానీ అలంకారానికి పనికొస్తుంది. రెండువైపులా పోతే అక్కడితో ఆ ముక్క కథ అయిపోయినట్టే. ఈ రెండు నిమిషాల పని మానేసి నేరుగా కత్తెర పట్టుకోవడం వల్లే చాలా పెళ్లిచీరలు చెడిపోతున్నాయి.

డెల్టాలో ఈ లెక్క తేలిగ్గా పట్టుబడటానికి ఒక కారణం ఉంది. మూడు రకాల పనితనం ఇక్కడ కళ్లెదుటే కనిపిస్తుంది. నర్సాపురం చుట్టూ అల్లే లేసు ఒకటి. ప్రతి టౌన్లోనూ, ఇప్పుడు పల్లెల్లోనూ కనిపించే మగ్గం వర్క్ ఇంకొకటి. కాకినాడ దాటాక సముద్రం ఒడ్డున ఉప్పాడలో నేసే జామ్దానీ మూడోది. లేసుకు అసలు కింద గుడ్డే అక్కర్లేదు, దాని కాళ్ల మీద అది నిలబడుతుంది. మగ్గం వర్క్ గుడ్డ మీద ఆధారపడి బతుకుతుంది. జామ్దానీలో పువ్వూ గుడ్డా ఒకే నేత. పాతబడ్డాక ఈ మూడింటికీ చేయాల్సిన వైద్యం వేరువేరు.

లేసుతో మొదలుపెడితే, క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో గోదావరి తీరానికి వచ్చిన ఈ అల్లిక నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో ఇంటింటి పనిగా స్థిరపడింది. ఒక కొక్కెం సూది, ఒక దారం ఉండ, అరుగు మీద కాస్త చోటు ఉంటే చాలు. అలా అల్లిన టేబుల్ క్లాత్‌లు, అంచులు ఓడలెక్కి యూరప్ వెళ్లాయి. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఇదంతా ఎగుమతి కథ. ఇళ్లలో మిగిలినవి దిండు గలీబుల అంచులు, టీవీ మీద కప్పిన గుడ్డలు, చిన్నపిల్లల గౌన్ల మెడలు.

పాత గలీబు ఒకటి చేతికి తీసుకుంటే లేసు ఎంత గట్టిదో తెలుస్తుంది. తలనూనె పట్టి పట్టి, ఉతికి ఉతికి గుడ్డ జల్లెడలా అయిపోయి ఉంటుంది. చుట్టూ లేసు మాత్రం పసుపు తిరిగిందే తప్ప చెక్కుచెదరదు. లేసు దారం చాలా పోగులు కలిపి పేనింది, మామూలు గుడ్డ నూలు కన్నా ఎన్నో రెట్లు గట్టిది. దాన్ని విడదీయాలంటే లేసు వైపు కుట్లు విప్పకూడదు. కత్తెర జారి ఒక్క గొలుసు తెగితే చాలు, పక్క గొలుసులు కూడా ఒకటొకటిగా జారుతూ పోతాయి. గుడ్డనే లేసుకు అరంగుళం దూరంలో కత్తిరించి, మిగిలిన ఆ పట్టీలోంచి దారాలు ఒక్కొక్కటీ లాగేయాలి. అప్పుడు లేసు దానంతట అదే చేతిలోకి వస్తుంది. కుంకుడు నీళ్లలో నానబెట్టి, పిండకుండా, తువ్వాలు మీద పరిచి, ఒక్కో మూల గుండుసూదితో గుచ్చి ఆరబెడితే మళ్లీ ఆకారం నిలుస్తుంది. తెల్లగా అవ్వాలని బ్లీచింగ్‌లో వేస్తే దారం బలం పోతుంది. పసుపు ఛాయ అలాగే ఉంచి, దానికి తగ్గ మీగడరంగు గుడ్డ వెతుక్కోవడం నయం. తెగిన చోట అల్లడానికి కొత్త దారం మరీ తెల్లగా కనిపిస్తే పల్చటి టీ డికాక్షన్‌లో ముంచి తీస్తే సరిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పాత లేసును షాపులోంచి అప్పుడే తెచ్చిన గుడ్డకు కుట్టేస్తారు. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుంటుంది. లేసు కుదించుకోవాల్సిందంతా ఎప్పుడో కుదించుకుని ఉంది. రెండు ఉతుకులు అయ్యేసరికి అంచంతా అలలు అలలుగా లేచి కూర్చుంటుంది. గుడ్డను ముందు ఒకటికి రెండుసార్లు తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే కుట్టాలి.

మగ్గం వర్క్ వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. చెక్కల మగ్గం మీద గుడ్డను డప్పులా బిగించి, కొక్కెం ఉన్న ఆరి సూదితో పైనుంచి పొడుస్తూ కింది దారాన్ని పైకి లాగుతూ వేసే గొలుసు కుట్టు ఇది. పూసలు, కుందన్లు, జర్దోసీ తీగ అన్నీ ఆ గొలుసుకే వేలాడతాయి. చీర కన్నా జాకెట్టుకే ఎక్కువ ఖర్చయిన పెళ్లిళ్లు ఇప్పుడు మామూలే. అంత పెట్టి చేయించిన జాకెట్టు వేసుకునేది మూడు నాలుగుసార్లు. ఆ తర్వాత పిల్ల పుట్టడమో, ఒళ్లు రావడమో. బీరువాల్లో చిరగకుండానే చచ్చిపోయిన బట్ట అంటూ ఉంటే అది మగ్గం వర్క్ జాకెట్టే.

దాన్ని వదులు చేయించడానికి తీసుకెళ్తే మంచి టైలర్ జాకెట్టు పైవైపు చూడనే చూడడు. తిరగేసి పక్క కుట్టు లోపల ఎంత గుడ్డ వదిలారో చూస్తాడు. ఒక్కోవైపు అంగుళం ఉంటే పని జరిగినట్టే. చేతుల దగ్గరే అసలు చిక్కు, ఎందుకంటే చేతి అంచు వర్క్ తరచుగా కుట్టు లోపలి దాకా వెళ్లి ఉంటుంది. కుట్టు విప్పే తొందరలో ఆ గొలుసు కొస తెగితే, దారం లాగినకొద్దీ వస్తూనే ఉంటుంది. పూసలు నేల మీద దొర్లుతాయి. అందుకని విప్పబోయే చోటుకు కాస్త ఇవతలగా ముందే సన్నటి చేతికుట్టు వేసి గొలుసు కొసలు బంధించాలి. లోపల గుడ్డ చాలకపోతే చంక కింద ఆకు ఆకారంలో ముక్క అతుకుతారు. చేయి కిందకు దించితే కనిపించని చోటు అది. చీరలోంచి తీసిన గుడ్డయితే చేయి ఎత్తినా తెలీదు.

జాకెట్టు గుడ్డే పోయి వర్క్ మిగిలిన సందర్భంలో ఆ వర్క్‌ను కత్తిరించి కొత్త గుడ్డ మీద అతికించుకోవచ్చని అందరూ అనుకుంటారు. నిజమే కానీ కత్తిరించడం చివర చేయాల్సిన పని. ముందు ఆ భాగం వెనక పల్చటి మల్ గుడ్డ పెట్టి, రెండూ కదలకుండా పొడవాటి కచ్చా కుట్లు వేయాలి. తర్వాత పువ్వుల చుట్టూ రెండు గుడ్డలూ కలిసేలా దగ్గర దగ్గరగా కుట్టాలి. అలా చేస్తే వర్క్ బరువు పాత గుడ్డ మీద నుంచి కొత్త గుడ్డ మీదకు మారుతుంది. అప్పుడు కత్తిరించాలి. తేలిక కదా అని ఇస్త్రీపెట్టెతో అంటించే కాన్వాస్ వాడితే వేడికి ప్లాస్టిక్ పూసలు మెత్తబడతాయి, కుందన్ల జిగురు ఊడుతుంది. మగ్గం వర్క్‌ను ఎప్పుడు ఇస్త్రీ చేసినా దళసరి తువ్వాలు మీద బోర్లా వేసి చేయాలి.

జామ్దానీకి ఈ కత్తిరింపులేవీ పనికిరావు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జామ్దానీలో పువ్వును విడిగా కుట్టరు, మగ్గం మీదే అదనపు పేక పోగులతో చేత్తో నేస్తారు. పువ్వు చుట్టూ కత్తిరిస్తే ఆ పోగులకు పట్టు ఉండదు. కాబట్టి దాన్ని పెద్ద ముక్కలుగానే వాడాలి. చీర మధ్యలో పోతే రెండు కొసల నుంచి రెండు చున్నీలు వస్తాయి, కిటికీకి పల్చటి తెర వస్తుంది. చిన్న చిరుగైతే రఫ్ చేయించడమే, అంటే ఆ చోట పోగులతో మళ్లీ అల్లించి పూడ్పించడమే మేలు. ఆ రఫ్‌కు దారం బజారులో వెతకక్కర్లేదు, బొడ్లో దోపుకునే లోపలి కొసలోంచే నాలుగు పోగులు లాగితే చాలు. రంగు కలుస్తుంది, లావూ కలుస్తుంది. గంగ డెల్టాలో బెంగాలీ ఆడవాళ్లు కాంథా అనే తమ బొంత కుట్టడానికి పాత చీర అంచుల్లోంచి రంగు దారాలు లాగి దాచుకునేవారు. రెండు డెల్టాల మధ్య ఎవరూ ఎవరికీ నేర్పకపోయినా చేతులు ఒకే దారి పట్టాయి.

మళ్లీ ఆ వీధిలో కేకేసే మనిషి దగ్గరికి వద్దాం. అతనికి పట్టుతో పని లేదు. అసలైన పాత జరీ అంటే పట్టు పోగు చుట్టూ చుట్టిన సన్నటి వెండి తీగ, దాని మీద బంగారు పూత. చీరను కాలిస్తే మిగిలేది వెండి. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటాక ఈ కొనుగోళ్లకు ఊపు రావడం సహజమే. పైగా ఇచ్చేవాళ్లకు తమ చీరలో ఎంత వెండి ఉందో తెలీదు, కొనేవాడికి చూపుతోనే తెలుస్తుంది. ఇలాంటి బేరంలో ఎవరు నష్టపోతారో చెప్పక్కర్లేదు. అంచును గోటితో గీకి చూస్తే జరీ కింద ఎర్రటి పట్టు పోగు కనిపించడం మేలిరకం కంచి జరీకి గుర్తని చెబుతారు. చిన్న పోగు తెంపి అగ్గిపుల్ల చూపిస్తే ముద్దగా కరిగిపోయేది ప్లాస్టిక్ జరీ. వెండి ఉందని తేలితే ఆ అంచు కాల్చడానికి కన్నా కుట్టడానికే ఎక్కువ విలువైంది. పాత పట్టుచీరలో అన్నిటికన్నా ఎక్కువకాలం బతికేది అదే. రెండు అంచులూ విడదీసి, వెనక నూలుగుడ్డ ఆసరా ఇచ్చి, కొత్త పట్టు మీద వేస్తే లంగా నడుము దగ్గర విడిపోయే బాధే లేదు. అక్కడ బరువు మోసేది కొత్త గుడ్డ, పాతది అందం మాత్రమే మోస్తుంది.

నూలు బట్టలకు ఇంత ఆలోచన ఎప్పుడూ అవసరం పడలేదు. వాటికి ముందే ఒక వరస ఉండేది. తాతగారి పంచె మెత్తబడ్డాక పొత్తిగుడ్డలయ్యేది. పురుడు దగ్గర పడ్డ ఇంట్లో కొత్త గుడ్డ వాడేవారు కాదు, ఉతికి ఉతికి మెత్తబడ్డదే పసివాళ్ల ఒంటికి మంచిదని. చీర ఉయ్యాలయ్యేది, ఎండాకాలం డాబా మీద వడియాల కింద పరుపయ్యేది, ఆపైన మసిగుడ్డ, చివరికి దీపపు ఒత్తి. నూలు వాడినకొద్దీ మెత్తబడుతుంది, నీళ్లు ఇంకా బాగా పీలుస్తుంది. మెత్తటి నూలుగుడ్డ విలువ ఏంటో తెలియాలంటే ఆత్రేయపురంలో పూతరేకు తీయడం చూడాలి. పల్చటి గుడ్డను బియ్యప్పిండి నీళ్లలో ముంచి, వేడెక్కిన కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే కాగితంలాంటి రేకు మిగులుతుంది. కరకరలాడే కొత్త గుడ్డతో ఆ పని కాదు.

పాత చీరల చివరి మజిలీ బొంత. నాలుగైదు చీరలు ఒకదానిమీద ఒకటి ముడత లేకుండా పరిచి, మూలల్లో బరువులు పెట్టి, పొడవాటి సూదితో అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతారు. బయటివైపుకు గట్టి చీర, లోపలికి చిరుగులవి. అతుకుల బొంత అని తేలిగ్గా తీసిపారేసే మాట ఉంది కానీ, ఏ అతుకు ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లు కుట్టిన బొంత రెండేళ్లు ఆగదు.

ఈ వరస తెగిపోవడానికి జనం బద్ధకమే కారణమని అనడం తేలిక. దారం మారిపోయింది అన్నది అంతకన్నా పెద్ద కారణం. పాలిస్టర్ చీర చిరగదు, మెత్తబడదు, నీళ్లు పీల్చదు. పొత్తిగుడ్డకు పనికిరాదు, మసిగుడ్డకు పనికిరాదు, ఒత్తి చేస్తే కరిగి కంపు కొడుతుంది. దానితో బొంత కుట్టినా ఉక్కపోతకు ఒంటి మీద నిలవదు, కుట్టేటప్పుడే పొర మీద పొర జారిపోతుంది. అది చావదు, కానీ రెండో జన్మ కూడా ఎత్తదు. స్టీలు సామాన్ల బండి వాడు ఎత్తుకెళ్లే మూటల్లోనూ, వరద వచ్చినప్పుడు లంక గ్రామాలకు సాయమని వచ్చే మూటల్లోనూ ఇదే ఎక్కువ కనిపిస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయినప్పుడు లంకల్లో ఇళ్లతోపాటు పెట్టెలూ మునిగాయి. అలా ఒండ్రు పట్టిన మంచి చీరకు ఎండ చూపించకూడదు. ఒండ్రు ఎండితే పోగుల మధ్య బిగుసుకుపోతుంది. తడి మీదే మంచినీళ్లలో జాడించి, పిండకుండా, రంగు దిగే చీరను వేరుగా ఉంచి, నీడలో గాలికి పరవాలి. రెండు మూడు రోజులు ఆగితే బూజు పట్టేస్తుంది.

దారం తర్వాతి కారణం కూలి. 1970ల చివర్లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవాళ్ల జీవితాన్ని పరిశీలించారు. రోజంతా అల్లినా ఆ పనికి పని అన్న పేరు రాలేదని, ఖాళీగా ఉన్న ఇల్లాళ్ల కాలక్షేపంగానే లెక్కవేశారని, అందుకే కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె వాదన. బాగుచేత పనికి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. మాసిక వేయడం, రఫ్ చేయడం, బొంత కుట్టడం అన్నీ ఇంట్లో ఆడవాళ్లు మధ్యాహ్నం పూట చేసేసే పనులు కాబట్టి వాటికి ధర అంటూ ఏర్పడలేదు. ఇప్పుడు ఆ మధ్యాహ్నాలు లేవు, పనికి ధర కట్టాల్సి వచ్చింది. పాత అంచు విప్పి, ఆసరా గుడ్డ వేసి, మళ్లీ కుట్టడానికి ఒక మనిషికి ఒకటిన్నర రోజు పడుతుంది. ఆ ఒకటిన్నర రోజు కూలికి రెడీమేడ్ లంగా వచ్చేస్తుంది. లెక్క అక్కడ ఆగిపోతుంది, పాత చీర పెట్టెలో ఉండిపోతుంది.

డెల్టా టౌన్లలో ఏ టైలర్ షాపుకు వెళ్లినా గోడకు రేట్ల పట్టీ వేలాడుతూ ఉంటుంది. ప్లెయిన్ జాకెట్టు ఇంత, లైనింగ్ జాకెట్టు ఇంత, ఫాల్ ఇంత, జిగ్‌జాగ్ ఇంత, కుచ్చులు ఇంత. పాత చీర సంచీలోంచి తీసి "ఈ అంచు వేరే గుడ్డకి వేయడానికి ఎంతవుతుందండీ?" అని అడిగితే అతను ఒకసారి ఆ పట్టీ వైపు చూస్తాడు. అందులో అది ఉండదు. చీర తిరగేసి, వేళ్ల మధ్య లాగి చూసి, "ఉంచండమ్మా, పని చేశాక చెప్తాను" అంటాడు.